సాపు రాసిన పుస్తకం

అరవయ్యో దశకం చివర్లో నేను కడప నుంచి వచ్చి, తార్నాకలో గది తీసుకుని యూనివర్సిటీలో ఫిజిక్సు రీసెర్చి చేస్తుండేదాన్ని. మా ల్యాబులో సీనియరు యాదగిరన్న తన పరికరం రీడింగులు ఒక నోటుబుక్కులో, సెట్టింగులన్నీ ఇంకో నోటుబుక్కులో రాసుకునేవాడు. ఏ సెట్టింగు మార్చినా పాత అంకెను కొట్టేసి, పక్కన కొత్తదీ, తేదీ, మార్చిన కారణం రాసేవాడు. మూడేళ్లకు ఆ పుస్తకం నిండా కొట్టివేతలే.

ఆయన టైఫాయిడ్‌తో నెల రోజులు ఊళ్లో ఉండిపోయాడు. సాయం చేద్దామని నేను చివరి అంకెలను మాత్రమే కొత్త పుస్తకంలోకి అందంగా సాపు రాశాను. పాతది నీళ్ల పొయ్యిలో వేశాను.

ఆయన రాగానే సంబరంగా చేతికిచ్చాను.

"మంచిగ రాసినవ్ చెల్లె. పాతదేది?"

"కాల్చేస్తిని అన్నా. అంతా కొట్టివేతలే కదా!"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "ఏ రీడింగు ఏ సెట్టింగు మీద తీసిన్నో దాంట్లనే ఉండె. ఇగ మూడేండ్ల రీడింగులు ఉట్టి అంకెలే."

నేను ఏడుస్తుంటే ఆయనే మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ప్రొఫెసరుగారు మండిపడితే, "నేనే పోగొట్టుకున్న సార్" అన్నాడు. మళ్లీ మొదటినుంచి చేయమన్నారు. ఇంకో మూడేళ్లు ఆగే స్తోమత ఆయన ఇంట్లో లేదు. రెండు నెలలకు రీసెర్చి మానేసి మెట్టుగూడలో గుమాస్తాగా చేరిపోయాడు.

పుస్తకం కాల్చడం నేను తెలియక చేసిన పని. కానీ ఆ రోజు ప్రొఫెసరుగారి ముందు ఆయన పక్కనే నిలబడి కూడా నోరు విప్పలేదు. అది మాత్రం తెలిసే చేశాను.