రెండో శనివారం నాటి బర్రె

తొంభై ఎనిమిదిలో, లా మూడో ఏట, నాకు మొదటిసారి కోర్టు పని పడింది. దాన్ని కోర్టు డైరీ అనేవారు. విద్యార్థి స్వయంగా కోర్టుకు వెళ్ళి రెండు కేసుల విచారణ చూసి, ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో సహా రాసి తేవాలి. దానికి మార్కులుండేవి. ఆ మార్కులు రాకపోతే డిగ్రీ రాదు. డిగ్రీ లేకపోతే బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు. పేరు నమోదు కానివాడికి నల్లకోటు వేసుకునే హక్కు లేదు. తర్వాత అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా, అంటే మేజిస్ట్రేటు కోర్టులో ప్రభుత్వం తరఫున కేసులు నడిపే వకీలుగా పనిచేసి, ఈ మధ్యే గడువుకు ముందే ఉద్యోగం మానుకున్నాను. నా ఉద్యోగానికి పునాది మాత్రం ఆ డైరీయే.

మార్కుల సంగతి తేలకముందే మా ఇంట్లో కోటు తయారైపోయింది. మేడ్చల్‌లో మాకు పిండి గిర్ని ఉండేది. మా బాపు దర్జీతో కోటు కుట్టించి, గిర్నిలో మోటారు పక్కన మేకుకు తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

"మావోని కోటు. వకీలు కోటు."

నెల తిరిగేసరికి జొన్నపిండి పడీ పడీ అది డాక్టరు కోటైంది.

నన్ను లా కాలేజీకి తోలింది కూడా ఆ గిర్నే. కరెంటు పోయిందంటే జనం డబ్బాలెత్తుకుని అవతలి వీధిలోని డీజిల్ గిర్నికి బయల్దేరేవారు. "అరేయ్, ఏదన్న జెప్పురా, మంది పోతున్రు" అని బాపు కేకేసేవాడు. నేను మొదలుపెట్టేవాణ్ణి. శామీర్‌పేట చెరువులో ఒక చేప గాలం వేసినవాణ్ణే గుంజుకుపోయి, అవతలి ఒడ్డున భద్రంగా దించి, ఇంటికి తోవ చెప్పి పంపిందని. కరెంటు వచ్చినా ఒక్కరూ లేచేవారు కాదు. అందరికంటే ముందు కూర్చునేది శామీర్‌పేట రాజవ్వ. కూతుర్ని మేడ్చల్‌లోనే ఇచ్చింది, వచ్చినప్పుడల్లా జొన్నలు పట్టించుకునేది.

"గీ పోరడు నోరు దెరిస్తే అబద్ధమే. గని మస్తుంటది" అనేది.

"గింత నోరున్నోడు వకీలు గాక ఇంకేమైతడు?" అని బాపు తేల్చేశాడు. అలా బి.ఏ. కాగానే పట్నంలో మూడేళ్ళ లాలో చేరాను. రోజూ సికింద్రాబాద్ బస్సు. కొంపల్లి దాకా నిలబడటం, ఆ తర్వాత ఎవరైనా దిగితే కూర్చోవడం.

డైరీకి మా క్లాసులో ఒక పద్ధతి ఉండేది. ఎవరో సీనియర్ రాసిన లారీ యాక్సిడెంటు కేసు చేతులు మారుతూ వచ్చేది. పేర్లు మార్చుకుని అందరూ అదే దించేవారు. నాకది నామోషీ అనిపించింది. సొంత అబద్ధాలు ఇంటినిండా ఉండగా ఇంకొకరివి ఎరువు తెచ్చుకోవడమేమిటి? ఒక మధ్యాహ్నం గిర్నిలో కూర్చుని రెండు కేసులూ రాసేశాను. మొదటిది మామూలు పొలం గెట్టు పంచాయితీ. రెండోదాంట్లో ఒక బర్రె నాదంటే నాదని ఇద్దరు రైతులు కోర్టుకెక్కారు. జడ్జిగారు బర్రెను ఆవరణలోకి తెప్పించారు. బంట్రోతు పద్ధతి ప్రకారం మూడుసార్లు పిలిచాడు. మొదటి రైతు పెట్టిన పేరుకు బర్రె ఉలకలేదు. రెండో రైతు పెట్టిన పేరుకు మూడో పిలుపున ఒక్క అరుపు అరిచింది. 'హాజరు' అని రికార్డులో రాసుకుని, బర్రెను రెండో రైతుకు ఇప్పించారు.

వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు తల నెరిసిన వకీలు. బర్రె కేసు చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. ఇక గట్టెక్కానని అనుకున్నాను. అప్పుడాయన గోడకున్న కేలండరు తెప్పించుకున్నారు.

"బాబూ, మీ బర్రె హాజరైన రోజు రెండో శనివారం. కోర్టుకు సెలవు. తలుపు ఎవరు తీశారు?"

నా నాలుక నాకంటే ముందే లేచింది. "ప్రత్యేకంగ కూసున్నరు సార్. బర్రె ఈనేటట్టుండె, వాయిదా ఏస్తే దూడ పంచాయితీ గూడ మీద పడ్తదని..."

ఆయన పెన్నుకు మూత పెట్టి, "ఊఁ, చెప్పు" అన్నారు. ఆ మూత పెట్టడం చూశాక మేకుకు వేలాడుతున్న కోటు గుర్తొచ్చింది.

"గిర్నిల కూసొని రాసిన సార్."

"మీ క్లాసులో సగం మంది ఒకే లారీ గుద్దడం చూశారు. అందరికీ తేదీలు సరిగ్గా ఉన్నాయి, నేనేం చేయను? నువ్వు దొరికావు. మార్కుల జాబితా రెండు వారాల్లో పంపాలి. అప్పటిదాకా రోజూ కోర్టుకు వెళ్ళి, కంటితో చూసింది, చెవితో విన్నది రాసుకురా. ఒక్క మాట కలిపావో, వచ్చే ఏడాది మళ్ళీ కలుద్దాం."

మా దగ్గర్లోని మున్సిఫ్ మేజిస్ట్రేటు కోర్టులో వెనక బల్ల మీద కూర్చున్నాను. మొదటి మూడు రోజులూ నా డైరీలో ఒకటే మాట: "పిలిచారు. సాక్షి రాలేదు. వాయిదా." ఒకరోజు చెయ్యి ఊరుకోక ఫ్యాను నీరసంగా తిరుగుతోందని రాసి, 'నీరసంగా' కొట్టేశాను. అంత కష్టం నేను పరీక్షల్లోనూ పడలేదు.

రెండో వారంలో బావి మోటారు దొంగతనం కేసు వచ్చింది. బంట్రోతు పిలవగానే బోనెక్కిన సాక్షి మా రాజవ్వ! పోయిన మోటారు ఆమె తమ్ముడిది. ముద్దాయి వాళ్ళ ఊరి కుర్రవాడే.

"మబ్బుల, పొద్దు పొడ్వకముందే లేసి చెరువు కట్ట మీదికి పోయిన. ఒకడు మూట మోసుకొని ఉరుకుతుండె. ఎర్రంగి తొడిగిండు. మొకం అటుండె" అంది.

తన సాక్షికి జవాబు అందించేలా ప్రశ్న వేసే వీలు ప్రాసిక్యూటరుకు లేదు. అందుకని ఆయన ఆ ముఖం ఎవరిదని మూడు రకాలుగా తిప్పి అడిగారు. కిటికీ బయట నుంచి తమ్ముడు చేతులూపుతున్నాడు. రాజవ్వ అటు చూడనే లేదు.

"సారూ, నువ్వెన్నిసార్లడిగినా గా మొకం ఇటు తిరుగది."

జడ్జిగారు కూడా తలెత్తి చూశారు. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

బయట తమ్ముడు ఆమె మీద విరుచుకుపడ్డాడు. "వాడే అంటే నీ నోట్లకెల్లి ముత్యాలు రాలుతుండెనా అక్కా?"

"నువ్వు జూసినవా? జూస్తే నువ్వే ఎక్కు బోను" అని, ఆమె నన్ను చూసింది. "గిర్ని పోరడా, గీడేం జేస్తున్నవ్ రా?"

ఉండబట్టలేక అడిగాను. "అవ్వా, నా చేప కథ మీ ఊర్ల జెప్పేటప్పుడు చేపను ఇంకింత పెంచుతవట గదా. గీడ ఒక్క మాట పెంచకపోతివేంది?"

"నీ చేపతోని ఎవడు జేలుకు పోయిండు రా?" అని చెప్పులేసుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

పరీక్షకుడు కొత్త డైరీ చదివారు. ఈసారి నవ్వలేదు. రాజవ్వ జవాబు దగ్గర ఆగి, ఇంకోసారి చదివి, పాస్ మార్కులు వేశారు. బర్రె డైరీ మాత్రం తిరిగివ్వలేదు, ఇంటికి పట్టుకుపోయారు. బాపు కోటును గిర్ని గడప మీద దులిపితే సగం వీధి తెల్లబడింది. నమోదు రోజున కూడా జేబు మూలల్లో ఇంత పిండి మిగిలే ఉంది.

రాజవ్వ సాక్ష్యం చెప్పిన కేసు కొట్టేశారు. మోటారు ఎవరెత్తుకెళ్ళారో నాకు తెలియదు కనుక రాయడం లేదు.

ఉద్యోగంలో ప్రతి సాక్షినీ బోనెక్కే ముందు మూడే అడిగేవాణ్ణి: ఏ రోజు, ఎక్కడ నిలబడ్డావు, ఏం చూశావు. చూడని ముఖాన్ని ఎవరిచేతా చూపించలేదు. అందువల్ల కొన్ని కేసులు పోయాయి, పై అధికారులు కారణం రాసిమ్మన్నారు, రాసిచ్చాను. నేర్చుకున్నది అంతే. దాంతోపాటు ఇంకొకటి: తేదీ వేసేముందు కేలండరు చూడాలి. ఇందులో ఏడాది తప్ప తేదీ ఎక్కడా వేయలేదు, మీరు గమనించే ఉంటారు.