మధ్య సీటు వదిన

ఇంటిల్లిపాదీ కారెక్కితే వెనక మధ్య సీటు ఎప్పుడూ ఆమెదే. ఒక కిటికీ అత్తగారికి, కడుపులో తిప్పుతుందని. రెండోది మరిదికి, కాళ్లు పొడవని. "వదిన సర్దుకుంటుందిలే" అన్నది ఆ ఇంటి చట్టం. వదినేమీ సన్నపాటి మనిషి కాదు. అయినా కాళ్ల కింది దిమ్మెకు అటొక పాదం, ఇటొక పాదం వేసి, సంచీ ఒళ్లో పెట్టుకుని, మలుపుల్లో ఎవరి మీదా ఒరగకుండా ముందు సీట్లు రెండూ పట్టుకుని, నవ్విస్తూ ప్రయాణం చేసేది.

కొత్తగా చిన్న కారు కొందామని అందరూ కలిసి వెళ్లిన రోజు భర్త స్టీరింగు తిప్పి మురిసిపోయాడు. "వెనక ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు సార్" అన్నాడు షోరూం ఉద్యోగి. ఖాళీగా ఉన్న ఆ వెనక సీట్లోకి వదిన ఒక్కతే ఎక్కి, తిన్నగా మధ్యకు జరిగి, మోకాళ్లు ముడుచుకుంది. మరిది పగలబడి నవ్వాడు. "పక్కన ఎవరూ లేరు వదినా! కిటికీ దగ్గర కూర్చో."

ఆమెకూ నవ్వాగలేదు. "ఏం చేయను మరిదిగారూ, అలవాటు! ఏమండీ, మీరోసారి ఇక్కడికి రండి. నేను ముందు కూర్చుంటాను."

ఉద్యోగి కారు నడిపాడు. తల్లికీ తమ్ముడికీ మధ్య ఇరుక్కున్న భర్త తల మొదటి గతుకుకే కప్పుకు కొట్టుకుంది. "అబ్బా! ఇది సీటా, రోలా?"

"రోట్లో కూర్చున్నాక రోకటిపోటుకు వెరవకూడదండీ" అంది వదిన, కిటికీ అద్దం దించుకుంటూ.

దిగగానే అతను నడుం పట్టుకుని, "వెనక వెడల్పుగా ఉన్నది చూపించండి" అన్నాడు.

కారు కొనబోతున్న అయ్యలారా, స్టీరింగు తర్వాత పట్టుకోవచ్చు. ముందుగా వెనక సీటు మధ్యలో మీరు కూర్చుని, ఊరంతా ఓ చుట్టు తిరిగి రండి.