ఏ కంపెనీకి ఆమేన్ అనాలో తెలియని రోజులు

సహోదరులారా, సహోదరీలారా, మందిరంలో కూర్చుని కూడా ఆమేన్ అనలేని గతి మీకెప్పుడైనా పట్టిందా? నాకు పట్టింది!

మా ఆయనది తాండూరులో సెల్‌ఫోన్ల షాపు, మా అన్నయ్యది వికారాబాద్‌లో. ఈయన ఒక కంపెనీ ఫోన్లే అమ్ముతారు, అన్నయ్య దాని పోటీ కంపెనీవే అమ్ముతాడు. క్రిస్మస్‌కు కలిస్తే మీ ఫోనుకు సిగ్నలే అందదని ఒకరినొకరు ఏడిపించుకునేవారు. అలాంటిది ఆ రెండు కంపెనీలూ కోర్టుకెక్కాయి. సిగ్నల్ పట్టే టెక్నాలజీ మేం కనిపెట్టిందే, పేటెంటు మాది, మాకు రాయల్టీ కట్టలేదు, వాళ్ల అమ్మకాలు ఆపండని ఇదీ అడిగింది, అదీ అడిగింది! ఎవరిది ఎవరు వాడుకున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు, తెలిసిందల్లా ఏ కంపెనీ ఓడితే ఆ షాపు మూతపడుతుందని.

మా ఆయన శుక్రవారం ఉపవాస ప్రార్థనలో విన్నపం పెట్టారు, సంఘమంతా కంపెనీ పేరెత్తి మరీ "ప్రభువా, జయమియ్యి" అని మొరపెట్టింది. అదే శుక్రవారం వికారాబాద్ మందిరంలో అన్నయ్య కూడా ఉపవాసముండి అవతలి కంపెనీ కోసం మొరపెట్టించాడట! వదిన ఫోన్ చేసి చెప్పింది. ఒక్క దేవుడు ఎవరి మాట వింటాడు? ఇక్కడ ఆమేన్ అంటే అన్నయ్యకు కీడు కోరినట్టు, అనకపోతే కట్టుకున్నవాడికి ద్రోహం చేసినట్టు. మరుసటి శుక్రవారం ప్రార్థనలో నోరు మూసుకుని కూర్చున్నాను. అది చూసి మా ఆయన ముఖం మాడ్చుకున్నారు, మా సంఘం మొరపెట్టిన సంగతి తెలిసి అన్నయ్య నాకు ఫోన్ చేయడమే మానేశాడు.

ఓ మధ్యాహ్నం కందిపప్పులో రాళ్లు ఏరుతూ ఏడుపు ఆగక, "ప్రభువా, ఎవలు గెలిచినా నా ఇల్లే ఓడుతది. గీ పేటెంటేందో, నిన్ను ఏమడగాల్నో నాకు తెల్వదు. ఇద్దర్నీ జర నువ్వే చూస్కో తండ్రీ" అన్నాను. అంతకంటే నాకు రాలేదు.

కొన్నాళ్లకు ఆ కంపెనీలు రాజీపడి కేసులు వెనక్కి తీసుకున్నాయి, స్తోత్రం! ఎవరు ఎవరికి కట్టారో చెప్పలేదు గానీ, గెలిచింది మేమేనని రెండూ అన్నాయి! ఆ ఆదివారం అన్నయ్య రైలెక్కి మా మందిరానికి వచ్చాడు. పాస్టరుగారు ప్రార్థన చేయమంటే లేచి, "ప్రభువా, మా బావ షాపును..." అని మొదలుపెట్టి, మా ఆయన వైపు చూసి ఆగిపోయాడు. ఆ సగం ప్రార్థనకే మందిరం దద్దరిల్లేలా ఆమేన్ అన్నది మా ఆయన!

ఎవరి ప్రార్థన విన్నాడో నాకు ఈనాటికీ తికమకే. మీలో ఏమడగాలో తెలియనివారుంటే తెలియదనే ఆయనతో చెప్పండి, ఆయన్ని నమ్మండి. దేవునికే మహిమ! ఇప్పుడు నేనూ గట్టిగా అంటున్నాను, ఆమేన్.