మా గ్రేడు కొండెక్కిన వైనం

మొన్న నేను చేసిన ఘనకార్యం వింటే చేతిలో టీ కింద పెట్టేస్తారు వదినా! మా డిగ్రీ కాలేజీకి గ్రేడు ఇంకా రాలేదు, నా పరువు మాత్రం ముందే పోయింది.

కాలేజీని తనిఖీ చేసి గ్రేడు ఇవ్వడానికి పీర్ టీం వస్తుందన్నప్పట్నించీ నాకు నిద్ర లేదు. ఆ పనులకి కోఆర్డినేటర్ని నేనే గదా! "గ్రేడు తగ్గిందా, నిన్నే అడుగుతానమ్మా" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఇంక ఎవర్ని చూసినా అనుమానమే. ఇద్దరు పిల్లలు గుసగుసలాడితే చాలు, టీంకి ఏం చెప్పబోతున్నారో అని చెవులు రిక్కించేదాన్ని.

అందులో ఈపూరు పిల్ల స్రవంతి ఒకతి. ఏదున్నా మొహం మీదే అనేస్తది. టీం ఛైర్మన్‌గారి కంట పడిందా, కొంప మునిగినట్టే! అందుకని నోరున్న పిల్లలందర్నీ ఏరి, ఎన్నెస్సెస్ పేరు చెప్పి, టీం వచ్చే రోజు పొద్దున్నే కోటప్పకొండ మీద చెత్త ఏరమని బస్సెక్కించా. నా తెలివికి నేనే మురిసిపోయా.

టీం వచ్చింది. మిగిలిన పిల్లలు ఏదడిగినా "అంతా బాగుంది సార్" అన్నారు. ఛైర్మన్‌గారిది బళ్లారి, తెలుగు గడగడా మాట్లాడతారు. ఆయన నవ్వినా నాకు అనుమానమే, ఏదో తెలిసిపోయిందని!

మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రిన్సిపాల్‌గారు, "నరసరావుపేట దాకా వచ్చి స్వామిని చూడకపోతే ఎట్టా సార్? కొండకు పోదాం పదండి" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయినై.

"ఎండగా ఉంది సార్, రేపు పోదాం..." అన్నా.

"ఏందమ్మా, మబ్బు పట్టి ఉంటే ఎండంటావు?"

ప్రిన్సిపాల్‌గారికి ఎవరో చెప్పే ఉంటారని ఆయన మీద కూడా అనుమానం!

కారు దిగామో లేదో, ఎదురుగా మా కాలేజీ టోపీలు.

"ఏమ్మా, కాలేజీ లేదా మీకు?" అన్నారు ఛైర్మన్‌గారు.

స్రవంతి తడుముకుంటే గదా! "మేం చెత్త ఏరుతున్నాం సార్. మమ్మల్నేమో మా మేడం ఏరేసింది."

"ఎందుకు?"

"మీకేదన్నా చెప్తామని. అయినా చెప్పేందుకు చానా ఏం లేదు సార్. లేడీస్ బాత్రూంకి గడియ లేదు, అంతే. పాఠాలు మాత్రం మా మేడమే బాగా చెప్తది."

ఛైర్మన్‌గారు నా వంక తిరిగారు. "ఏం మేడం, పిల్లల మాట వినే మీ ఫీడ్‌బ్యాక్ సెల్ కొండ మీద పెట్టారా?"

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి!

నిన్న పొద్దున్నే వడ్రంగిని పిలిచి గడియ బిగించా. అన్నాళ్లూ అందర్నీ అనుమానించా గానీ వదినా, కాలేజీని ముంచేది నేనేనని ఒక్కసారన్నా అనుమానం రాలా!