సూది లేదన్న నూర్ బీ

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. నూర్ బీ పెళ్లిళ్ల జోలికి వెళ్లలేదు గానీ, అవనిగడ్డ అవతల తమ పల్లెలో పిల్లలందరికీ టీకాలు మాత్రం అబద్ధాలతోనే వేయించింది. ఆవిడ అంగన్‌వాడీ ఆయా. "సూదీ లేదు, గీదీ లేదు. నువ్వుల చిమ్మిలి పెడతా రండి నాన్నా" అంటూ తుఫాను షెల్టరుకి నడిపించేది. మామూలు రోజుల్లో టీకాలు వేసేది ఆ భవనంలోనే మరి. చిమ్మిలి నోట్లో ఉండగానే సూది జబ్బలో దిగేది. ఏడ్చినవాళ్లకి ఇంకో ఉండ. తనంత తెలివైన ఆయా కృష్ణా జిల్లాలోనే లేదని ఆవిడ నమ్మకం.

ఓ అక్టోబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికే గాలి ముదిరింది. షెల్టరులో బియ్యం, మంచినీళ్లు, జనరేటరు అన్నీ సిద్ధం. పిల్లల్ని పిలుచుకురావడం నూర్ బీ వంతు. ఆవిడ వీధి మొదట్లో కనపడిందో లేదో, పిల్లలంతా మాయం! మంచాల కింద కొందరు, అటకల మీద కొందరు.

"పిన్నీ, మా ఇంద్రజ కనపడట్లేదు! పిల్ల లేకుండా నేను కదల్ను" అని తల్లి రజని లబోదిబోమంది. షెల్టరుకెళ్లే ఆఖరి ట్రాక్టరు బయట హారన్ కొడుతోంది. ఇంటికప్పు రేకొకటి లేచి దొడ్లో పడింది. చివరికి నాలుగేళ్ల ఇంద్రజ బియ్యం డ్రమ్ము వెనక దొరికింది.

"రా తల్లీ, ఇవాళ సూది లేదు. ఒట్టు!" అంది నూర్ బీ.

"మొన్న కూడా ఒట్టేశావుగా!"

రజని పిల్లని చంకనేసుకుని పరుగెత్తింది. అందరూ క్షేమంగానే చేరారు. గాలివాన తగ్గేదాకా ఇంద్రజ మాత్రం జబ్బ చేత్తో మూసుకునే కూర్చుంది. అది చూసి నూర్ బీకి ఏడుపొచ్చింది. తన తెలివి తెల్లారినట్టే ఉందనుకుంది.

మరుసటి నెల టీకాల రోజున ఇంటింటికీ వెళ్లి, "సూది ఉంది. నొప్పేస్తుంది. నేను పట్టుకుంటాలే" అని చెప్పింది. సగం మంది పిల్లలు చేలకడ్డం పడి పారిపోయారు. నర్సమ్మ తల పట్టుకుంది.

"ఏంటండీ నూర్ బీ గారూ, ఇలా చెప్తే ఎవరొస్తారండీ?"

"తుఫానుకి వస్తారమ్మా" అని నూర్ బీ కొంగు బిగించి వాళ్ల వెనకే చేలల్లోకి దిగింది.

ఏడాది తిరక్కుండానే మళ్లీ వాయుగుండం పట్టింది. నూర్ బీ వెళ్లేసరికి ఇంద్రజ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"సూది ఉందా?"

"లేదు."

ఒట్టు పెట్టలేదు. బతిమాలలేదు. ఇంద్రజ ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత లోపలికి తిరిగి, "అమ్మా, నా చెప్పులెక్కడ?" అంది.