పదిహేడో నంబరు ముద్ర

మా వదిన బొటనవేలిని నేను ఆటపట్టించినంతగా ఇంకెవరూ ఆటపట్టించి ఉండరు. ఇంట్లో దిండు కనబడితే నొక్కుతుంది. బ్రెడ్డు కొంటే నొక్కుతుంది. బస్సెక్కితే సీటు నొక్కి చూసి గానీ కూర్చోదు. నొక్కిన చోట గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసి తనలో తనే తలాడిస్తుంది. మా పాప పుట్టినప్పుడు ఆస్పత్రికి వచ్చి దాని బుగ్గ మీద కూడా బొటనవేలు ఆన్చింది. "పాసా, ఫెయిలా వదినా?" అని అడిగాను. ఆడపడుచునన్నాక ఆ మాత్రం దెప్పకపోతే ఎలా! "ముద్ర వేసేశాను, ఇంటికి తీసుకెళ్ళు" అంది నవ్వకుండా.

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ లైఫ్ జాకెట్లు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేస్తోంది. పొడవాటి రేకుల షెడ్డు, రెండు వరసల్లో కుట్టు మిషన్లు, ఆ చివర ట్యూబ్‌లైటు కింద వదిన బల్ల, బల్ల పక్కన నీళ్ళ తొట్టి. కుట్టిన జాకెట్ బల్ల మీదికి రాగానే పట్టీలు లాగి చూడాలి, బకిల్ వేసి తియ్యాలి, లోపలి ఫోమ్‌ను బొటనవేలితో నొక్కాలి. మంచి ఫోమ్ అయితే వేలు తీసీ తియ్యకముందే పొంగుతుంది. నీళ్ళు పీల్చే రకమైతే గుంట కాసేపు అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌లోంచీ కొన్నింటికి ఇనప బిళ్ళలు కట్టి తొట్టిలో ఒక రోజంతా వదిలేస్తారు. మర్నాటికి తేలుతూ ఉంటేనే మొత్తం బ్యాచ్‌కి ముద్ర. జాకెట్ లోపలి అంచున పడే ఆ ముద్రలో తేదీతో పాటు చెకింగ్ చేసినవాళ్ళ నంబరు ఉంటుంది, వదినది పదిహేడు. షెడ్డులో అందరూ ఆవిడను పదిహేడు అనే పిలుస్తారు. కోపం వస్తే మా అన్నయ్య కూడా అలాగే పిలుస్తాడు. ఎన్ని వేలమంది ఒంటి మీద ఆ ముద్ర ఉందో లెక్కలేదు. ఆవిడ మాత్రం సముద్రం మొహం చూడలేదు.

ఆ లోటు తీర్చాలని పట్టుబట్టింది మా ఆరేళ్ళ పాప. దానికి ఎవరో తిమింగలాల బొమ్మల పుస్తకం ఇచ్చారు. అప్పటినుంచి ఇంట్లో వేరే మాట లేదు. మిషన్ల మరమ్మతు కోసం ఫ్యాక్టరీని వారం రోజులు మూసేసరికి అన్నయ్య సముద్రపు ఒడ్డు ఊళ్ళో రెండు గదులు మాట్లాడాడు. మా ఆయనకి సెలవు దొరకలేదు. అన్నయ్య, వదిన, నేను, పాప బయల్దేరాం. గదుల కిటికీ అద్దాలకు ఉప్పు పేరుకుని ఉంది, ఆరేసిన తువ్వాలు ఎంతకీ ఆరలేదు. వదిన పరుపు నొక్కి చూసి పెదవి విరిచింది. కిటికీలోంచి సముద్రం చూసి మాత్రం పరుపు సంగతే మర్చిపోయింది. "ఇంత ఉంటుందా?" అంది చివరికి.

మర్నాడు ఉదయం పడవెక్కాం. గాలి లేదు. నీళ్ళు కదలకుండా, మందంగా ఉన్నాయి. దూరంగా ఆకాశం అంచున నల్లటి చార ఒకటి ఉంది. పడవ నడిపే సరంగు దాన్ని చూసి, తల తిప్పుకుని, మళ్ళీ చూశాడు. రేవులో తాళ్ళు చుడుతున్న ముసలాయన మా వెనకనుంచి, ఇవాళ ఎక్కువ దూరం వెళ్ళకండి అని అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు, సరంగైతే చెవిన పెట్టలేదు. మైకు పట్టుకున్న గైడ్ అమ్మాయి, తిమింగలం కనబడినా అందరూ ఒకే పక్కకి పరుగెత్తవద్దని రెండుసార్లు చెప్పింది. ముప్పై రెండు మందిమీ బుద్ధిగా తలలూపాం.

రేవు దాటాక బల్లల కింది పెట్టెలు తెరిచి జాకెట్లు చేతులు మార్చుకుంటూ పంచారు. వదిన తనది అందుకుంది. వేలు దానంతటదే వెళ్ళింది. నొక్కింది, చూసింది, లోపలి అంచు తిప్పింది. అక్కడే ఆగిపోయింది. మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. కడుపులో తిప్పుతోందేమోనని నిమ్మకాయ అందించాను. అది తీసుకోకుండా పాప జాకెట్ అంచు తిప్పి చూసింది. తర్వాత నాది, అన్నయ్యది. 

దాని వెనక సంగతి నాకు తర్వాత తెలిసింది. అయినా ఇక్కడే చెప్పేస్తాను. చెప్పకపోతే ఆ పడవలో ఆవిడ చేసినదంతా మీకూ పిచ్చిగానే కనబడుతుంది.

ఐదేళ్ళ కిందట ఒక వారం ఫ్యాక్టరీకి కొత్త చోటునుంచి ఫోమ్ వచ్చింది. అదే వారం తొట్టికి బీట పడింది. లారీ వాకిట్లో నిలబడి ఉంది. ఈ ఒక్కసారికీ నీళ్ళ పరీక్ష లేకుండానే ముద్ర వేసెయ్యమని మేనేజరు పక్కన నిలబడ్డాడు. వేలి కింద గుంట కాసేపు ఆగిందని వదినకి తెలుసు. అయినా వేసింది, నాలుగు వందల ఎనభై జాకెట్లకి. తొట్టి బాగయ్యాక మనసాగక, మిగిలిన ఒక జాకెట్‌కి బిళ్ళ కట్టి నీళ్ళలో వదిలింది. మర్నాడు చూస్తే అది అడుగున ఉంది. మేనేజరుకి చెప్పింది. వెనక్కి తెప్పిస్తాంలే అన్నాడు. తెప్పించారా అని ఆవిడ మళ్ళీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయపడ్డానని తర్వాత నాతో చెప్పింది.

ఇప్పుడు పాప ఒంటి మీద ఉన్నది ఆ వారం ముద్రే.

వదిన లేచింది. బల్లల మధ్య తిరుగుతూ, ముక్కూ మొహం తెలియని వాళ్ళ పట్టీలు బిగిస్తున్నట్టు నటిస్తూ ఒక్కొక్కరి జాకెట్ అంచూ తిప్పింది. కొందరు నవ్వుకున్నారు. ఒకావిడ, మీ వాళ్ళేనా అన్నట్టు నా వైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. వచ్చి కూర్చో వదినా అని చెంగు పట్టుకుని లాగాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోందని అప్పుడు నాకు అర్థం కాలేదు.

అప్పటికి ఒడ్డు కనబడటం మానేసింది. నల్లటి చార లావెక్కింది. తిమింగలం జాడలేదు, సరంగు ఇంకాస్త, ఇంకాస్త అంటూ పడవను లోపలికి తీసుకుపోతున్నాడు. వదిన వెళ్ళి అతని పక్కన నిలబడింది. నేనూ వెనకాలే వెళ్ళాను, పరువు పోకుండా వెనక్కి తీసుకొద్దామని. పడవ తిప్పెయ్యమని అడిగింది. జాకెట్లు బాగాలేవని చెప్పింది. అతను విసుక్కోలేదు. రోజూ ఇలాంటి భయస్తులు నలుగురైనా ఎక్కుతారు కాబోలు. తన జాకెట్ అంచు తిప్పి చూపించాడు.

"చెక్ చేసినవేనమ్మా. ఇదిగో ముద్ర, చూసుకోండి."

వదిన చూసింది. తన నంబరు తనకే చూపిస్తుంటే చూసి, సరే అని వెనక్కి వచ్చేసింది. అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. నా కూతురు ఆ జాకెట్‌లో ఉంది.

ముందు వాసన వచ్చింది, కడగని చేపల బుట్ట వాసన. సరంగు ఇంజన్ ఆపేశాడు. నిశ్శబ్దంలో ఎడమ పక్కన ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. మనుషులు అలా వదల్లేరు. నీళ్ళలోంచి నల్లటి వీపు లేచింది. లేస్తూనే ఉంది, ఎంతకీ అయిపోదు. గైడ్ అమ్మాయి చెప్పిన మాట ఎవరికి గుర్తుంటుంది? అందరం ఎడమ పక్కకి ఎగబడ్డాం. నేనూ ఎగబడ్డాను. పడవ ఒరిగింది. అంతవరకు లేని గాలి ఎక్కడినుంచి వచ్చిందో, ఒక అల పడవ అంచు కమ్మీ మీదుగా లోపలికి వచ్చి మోకాళ్ళదాకా తడిపింది. పాప బల్ల ఎక్కి కమ్మీ మీదికి వంగి ఉంది. అన్నయ్య దాన్ని జాకెట్ పట్టీ పట్టుకుని ఆపాడు, కళ్ళు మాత్రం తిమింగలం మీదే ఉన్నాయి.

వదిన వచ్చి పాపను నడుం పట్టుకుని దించి నా చేతుల్లో పెట్టింది. "దీన్ని ఒళ్ళోంచి వదలకు. జాకెట్ ఉంది కదా అనుకోకు" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అప్పుడు నాకు భయం వేసింది. సముద్రాన్ని చూసి కాదు, ఆవిడను చూసి.

తన జాకెట్ విప్పింది. ఏ దారం ఎక్కడ ముడి పడుతుందో ఆవిడకి తెలుసు. ఒక్క దారం పట్టి లాగేసరికి కుట్టంతా జర్రున ఊడిపోయింది. లోపలి ఫోమ్ ముక్క తీసి, తాడు కట్టిన బకెట్‌లో సముద్రపు నీళ్ళు తోడి, ముక్కను రెండు చేతులా అందులో నొక్కిపట్టింది. అది ఎత్తుకుని వెళ్ళి సరంగు ముందు పిండింది. గిన్నెలు తోమే స్పాంజిలోంచి కారినట్టు నీళ్ళు ధారగా కారాయి. కారడం ఆగలేదు.

"ఇది తేలదు బాబూ. ఈ పడవలో ఇరవై తొమ్మిది తేలవు."

సరంగు ఆ నీళ్ళ వైపే చూస్తూ, "మీకెలా తెలుసు?" అన్నాడు.

"ఆ పదిహేడు నేనే. నీళ్ళలో వెయ్యకుండానే వేశాను ఆ ముద్ర."

 సరంగు ఇంజన్ వేసి చక్రం తిప్పాడు. తిమింగలాన్ని చూస్తున్న వాళ్ళు గోల చేశారు. ఇంత దూరం వచ్చి, సరిగ్గా కనబడినప్పుడు తిప్పుతావా అని ఒకాయన మీద మీదికి వెళ్ళాడు. గైడ్ అమ్మాయి మైకులో, అందరూ మధ్యలోకి వచ్చి కింద కూర్చుని పట్టు దొరికినదాన్ని పట్టుకోమని చెప్పింది. జాకెట్లను నమ్ముకోవద్దని కూడా చెప్పింది. గోల ఆగిపోయింది. ఒక్కొక్కరే బొటనవేళ్ళతో తమ జాకెట్లను నొక్కి చూసుకోవడం మొదలుపెట్టారు. ఇరవై రెండేళ్ళు నేను నవ్విన పని అది.

నలభై నిమిషాలు. ప్రతి అలకీ పడవ పైకి లేచి కింద పడింది. పాప నా ఒళ్ళో వాంతి చేసుకుంది. అన్నయ్య వదిన వైపు చూడలేదు, నీళ్ళ వైపే చూశాడు. ఆ ఐదేళ్ళలో ఒక్క రోజు కూడా ఆవిడ తనకి చెప్పలేదన్నది అతని బాధ. మాకెదురుగా కూర్చున్న పెద్దాయన, ఇలా ఎన్నింటికి వేశావమ్మా అని మెల్లగా అడిగాడు. నాలుగు వందల ఎనభై అని వదిన జవాబిచ్చింది. ఆయన తల వంచుకుని తన జాకెట్ పట్టీ సవరించుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడ మొహం చూస్తే నాకు అనిపించింది.

రేవు గోడ కనబడేసరికి అందరి ప్రాణం లేచొచ్చింది. ఎవరో నవ్వారు కూడా. సరిగ్గా అప్పుడే రేవులోంచి ఇంకో పడవ బయటికి వచ్చింది, మాకన్నా పెద్దది, మాకన్నా వేగంగా. నిండా జనం. అందరి ఒంటి మీదా మా ఒంటి మీదున్నలాంటి నారింజ రంగు జాకెట్లే.

సరంగు చేతులు చక్రం మీద బిగుసుకున్నాయి. "అది మా తమ్ముడి పడవ. జాకెట్లు ఇద్దరం కలిసే తెచ్చుకున్నాం" అన్నాడు.

వైర్‌లెస్‌లో పిలిచాడు. గరగర తప్ప ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పిలిచాడు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. కింద కూర్చుని ఒకరినొకరు పట్టుకున్న ముప్పై రెండు మందిని, మా జాకెట్లను చూశాడు. వాళ్ళ వెంటపడాలంటే మమ్మల్ని మళ్ళీ ఆ అలల్లోకి తీసుకెళ్ళాలి. అతను పడవ తిప్పలేదు. కంగారులో హారన్ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కిపట్టాడు. గైడ్ అమ్మాయి పరుగున వచ్చి ఆ చెయ్యి లాగేసింది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. ఈ రేవులో తిరిగి వచ్చే పడవ హారన్ కొడితే ఒకటే అర్థమట. తిమింగలం కనబడింది, త్వరగా వెళ్ళండి అని.

అవతలి పడవలో కేరింతలు లేచాయి. ఇంజన్ చప్పుడు పెరిగింది.

వదిన బల్ల ఎక్కి నిలబడింది. జాకెట్ లేని ఒంటితో, రెండు చేతులూ పైకెత్తి, ఆగండి, ఆగండి అంటూ అటూ ఇటూ ఊపింది. వాళ్ళకి వినబడే దూరం కాదు. కనబడే దూరమే. వాళ్ళలో చాలామంది లేచి నిలబడ్డారు. చిన్నపిల్లలను భుజాల మీదికి ఎత్తుకున్నారు. అందరూ నవ్వుతూ తిరిగి చేతులూపారు.