రెండు దారులూ మూసిన వేపకొమ్మలు

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. మా బంధువుల్లో ఎవరికైనా ఏదో పట్టిందంటే మొదట వెక్కిరించేది నేనే. మార్కాపురంలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. ఆకును తిరగేసి చూడనిదే చెట్టు పేరు చెప్పను. అటువంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, ఏడాదిన్నరగా మనసులో దాచింది ఇక దాచుకోలేక రాస్తున్నాను.

ప్రతి చలికాలం మా కాలేజీ పిల్లలను ఒకరోజు నల్లమలలోకి నడకకు తీసుకెళ్తాం. ఏ దారిలో నడవాలో ఎంచే పని నాది. ఆ పనంటే నాకు కాస్త పొగరు కూడా. అటవీ శాఖ అనుమతి తీసుకుని, పదిరోజుల ముందే వెళ్లి దారి నడిచి చూసి వస్తాను. నీడ ఉందా, నీళ్లున్నాయా, పిల్లలు జారిపడకుండా దిగగలరా, అన్నీ చూసుకోవాలి.

ఆ ఏడు గిద్దలూరు వైపు నుంచి ఎక్కే దారి అనుకున్నాం. ముందుగా చూసి రావడానికి పోయిన రోజు, దారి చూపడానికి దావీదన్న వచ్చాడు. రాచర్ల దగ్గరి మనిషి, చిన్నప్పటి నుంచి ఆ కొండ అంచున మేకలు మేపుతున్నాడు. అడవిలో అడుగుపెట్టే ముందు తల మీది టవలు తీసి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంటాడు.

మూడో మనిషి మా బావ, అంటే అక్క భర్త. గిద్దలూరులోనే ఉంటారు. కొత్తగా రిటైరయ్యారు, ఇంట్లో కాలు నిలవడం లేదు. నేనూ వస్తానని బయలుదేరారు. ఆయనకు షుగర్, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. అక్క ఒక సంచిలో గ్లూకోజు బిస్కెట్లు, బెల్లం ముక్క, నీళ్ల సీసా పెట్టి నా చేతికిచ్చింది. "ఆయన నోరు తెరిచి చెప్పడు. నువ్వే కనిపెట్టుకోవాల" అంది.

మా వైపు అడవిలో ఒక పద్ధతి ఉంది. ముందు పోయేవాళ్లు దారి చీలిన చోట, పోకూడని దారికి అడ్డంగా పచ్చికొమ్మ విరిచి వేస్తారు. వెనక వచ్చేవాళ్లు కొమ్మ లేని దారి పట్టుకుని వస్తారు. మేకల కాపరుల నుంచి కట్టెలకు పోయే ఆడవాళ్ల దాకా అందరికీ తెలిసిందే. ఎవరో వేసిన కొమ్మను తీయకూడదు. తీయక తప్పకపోతే రెండో దారికి మార్చి వేయాలి.

పదిన్నరకు మొదటి చీలిక దగ్గరికి వచ్చాం. బావ నెమ్మదిగా, బాగా వెనక వస్తున్నారు. ఆయనకు బరువెందుకని సంచి నా భుజానికే ఉంది. ఎడమ దారికి అడ్డంగా ఎండిపోయిన కొమ్మ ఒకటి పడి ఉంది. నా ఫోన్ మ్యాపులో మాత్రం ఎడమ దారే వాగుకు దగ్గర.

"వద్దు మేడమ్. ఎవురో కొమ్మేసినారు" అన్నాడు దావీదన్న.

"ఎప్పుడో వేసింది లే అన్నా. ఎండింది కూడా" అని దాన్ని తీసి పొదలోకి విసిరేశాను. కుడి దారికి మార్చి వేయాలన్న ఆలోచనే రాలేదు. బావ నన్ను చూస్తూనే వస్తున్నారనుకున్నాను. మాట్లాడుకుంటూ ఎడమకు దిగిపోయాం.

వాగు ఎండిపోయి ఉంది. అక్కడ ఇరవై నిమిషాలు కూర్చున్నాం. బావ రాలేదు. అప్పుడు నేను చేసిన పని గుర్తొచ్చింది. ఆయన తినాల్సిన వేళ దాటింది. బిస్కెట్లు, నీళ్లు, అన్నీ నా భుజం మీద ఉన్నాయి. ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఆ అడవిలో ఎలుగులున్నాయి, పులి కూడా ఉంది. అక్కకు ఏ మొహం చూపించాలి?

పరుగున వెనక్కి వచ్చాం. కుడి దారి దుమ్ములో బావ బూట్ల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి.

కొంత దూరం పోయాక ఆ దారి మళ్లీ చీలింది. ఒకదానికి అడ్డంగా కొమ్మ వేసి ఉంది. బూట్ల గుర్తులు కొమ్మ లేని దారిలోకి పోయాయి. ఇంకొంత దూరంలో ఇంకో చీలిక, అక్కడా కొమ్మే. ఈసారి వంగి చూశాను. పచ్చి వేపకొమ్మ. ఒక్క ఆకూ వాడిపోలేదు. ఆ ఎండలో వేప అరగంట కూడా అట్లా ఉండదు.

"మనకంటే ముందర ఎవురో పోయినారు" అన్నాడు దావీదన్న. ఆ మాట అని, మళ్లీ దుమ్ము వైపు చూశాడు. ఆ దుమ్ములో ఒక్కరి అడుగులే ఉన్నాయి. అవి బావవి.

వేప ఆ ఎత్తున లేదు. మేము చూసిన ఆఖరి వేపచెట్టు కొండ దిగువన రోడ్డు పక్కన, మా ఆటో ఆగిన చోట ఉంది. నాకు తెలియని చెట్టయితే పొరబడ్డాననుకునేదాన్ని. వేప దగ్గర పొరబడను.

ఆ తర్వాతి చీలిక దగ్గర బావ బండ మీద కూర్చుని ఉన్నారు. మొహమంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. నోట్లో బెల్లం పెట్టి, నీళ్లు తాగించాను. ఐదు నిమిషాలకు మాట వచ్చింది.

"ఏంది సుజాతా, ఇంతసేపు చేస్తివి? రెండు దారులకూ కొమ్మేస్తివి. ఇంకేడికి పోయేది? ఈడ్నే కూర్చోమన్నావనుకుంటి" అన్నారు.

తల తిప్పి చూశాను. నిజమే, రెండు దారులకూ అడ్డంగా వేపకొమ్మలున్నాయి. దావీదన్న ఒకదాని మీదుగా వంగి, బోద గడ్డిని కర్రతో పక్కకు నెట్టాడు. నాలుగడుగుల అవతల నేల లేదు. తాడిచెట్టంత లోతు లోయ. రెండో దారి గురించి అడిగితే, "అది పెద్దడవిలోకి పోతాది. నీళ్లు దొరకవు" అన్నాడు. కర్ర వెనక్కి తీసుకుని, "రెండు దారులు మూసేది మాకాడ లేదు మేడమ్" అన్నాడు.

కొమ్మలను ముట్టుకోకుండా తిరిగి వచ్చాం. పిల్లలను ఆ ఏడు వేరే కొండకు తీసుకెళ్లాం.

నేను కుదురుగా ఆలోచించాను. షుగర్ పడిపోయినప్పుడు మనిషి ఏం చేశాడో ఆయనకే గుర్తుండదు. కొమ్మలు బావే వేసి ఉండొచ్చు. కానీ వేప ఎక్కడిది? వారం తర్వాత దావీదన్నను వెంటబెట్టుకుని ఆ కొండంతా తిరిగాను. చిన్న వేపమొక్క కూడా కనపడలేదు. ఆ రోజు ఆ దారిన ఇంకెవరూ పోలేదని కాపరులందరూ చెప్పారు. ఇంతకు మించి నాకు తెలియదు.

బావ ఇప్పుడు బాగున్నారు. ఏ పెళ్లిలో నలుగురు కూడినా ఈ సంగతి ఎత్తుతారు. "మా మరదలు బుద్ధిగల్లది. నేను లోయలో పడతానని ముందే ఎరిగి రెండు దారులూ మూసింది" అంటారు. అక్క నా చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకుంటుంది. దావీదన్న ఎవరికీ చెప్పలేదు. ఆ కొమ్మలు నేను వేయలేదని ఈ రోజుకీ నేనూ చెప్పలేకపోయాను.